గీత కింది నీళ్లు

మా ఊళ్లో నన్ను అదృష్టవంతురాలని అనేవారు. నేను కాపురానికి వచ్చిన ఏడే మా అత్తగారింటి ఆవు కవల దూడల్ని వేసిందట. మరుసటి ఏడు నీవా ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారిందట. ఆవు ఈనడానికీ ఏరు పారడానికీ నా కాలికీ ఏం సంబంధమో నాకు తెలియదు. కానీ పదిమంది పదిసార్లు అంటే ఎవరైనా నమ్ముతారు. నేనూ నమ్మాను.

ఇది రెండో ప్రపంచ యుద్ధం ఆగిపోయిన మరుసటి ఏడు వేసవిలో జరిగిన సంగతి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మా ఊరు చిత్తూరుకు ఆరు మైళ్లు. మా ఆయన కుప్పయ్య, ఆయన అన్న మునెయ్య భాగాలు పంచుకుని మూడేళ్లయింది. మా వైపు ఒక ఆచారం ఉంది: పెద్దవాడు పంచాలి, చిన్నవాడు కోరుకోవాలి. పంచేవాడికి కోరుకునే హక్కు ఉండదు కాబట్టి రెండు పాళ్లూ సమంగా పంచుతాడని దానిలో ఉన్న తెలివి. మా బావ మునెయ్యకు ఆ తెలివి లేదనుకున్నాను నేను. భూమిని తూర్పు చెక్క, పడమటి చెక్క అని రెండు చేసి, నల్లమట్టి నేల, కళ్లం, బావి అన్నీ తెచ్చి తూర్పు చెక్కలోనే పెట్టాడు. పడమట మిగిలింది గరుసు నేలా, పాత ఇల్లూ. అంతకు ముందు రోజే మా ఆయన చెవి కొరికి పెట్టాను, తూర్పే కోరుకోమని. కోరుకున్నాడు. బావ తలూపాడు. మనిషి ఇంత మొద్దేమిటా అని ఆ రోజు ఇంటికొచ్చి నవ్వుకున్నాను కూడా.

బావి మా చెక్కలో పడ్డా నీళ్లు మాత్రం వంతులు. రెండు రోజులు మావి, రెండు రోజులు వాళ్లవి. పెద్దమనుషులు అంతటితో ఆగకుండా, రేపు బావి లోతు చేయాల్సి వస్తే ఖర్చు దగ్గర తగవు రాకూడదని, బావులు తవ్వే ఒడ్డె ఎల్లప్పను లోపలికి దింపి అడుగు రాతిని ఆనుకుని పక్క గోడ మీద ఒక గీత చెక్కించారు.

"ఈ గీత పైన ఉండే నీళ్లు ఇద్దరివీ. ఎవురైనా సొంత ఖర్చు పెట్టి దీని కిందికి తవ్వుకుంటే, ఆ నీళ్లు తవ్వినోళ్లవి. రెండోవాళ్లు నోరెత్తగూడదు" అన్నారు.

అన్నదమ్ములిద్దరూ సరేనన్నారు. కిందికి తవ్వే అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. అది ఆరు మట్ల బావి. మా వైపు బావి లోతును మనిషి నిలువుతో కొలుస్తారు, ఆ నిలువునే మట్టు అంటారు. తాతల నాటి నుంచి ఎండి ఎరగదు. రోహిణి కార్తెలో కూడా అడుగున నడుములోతు నీళ్లుండేవి. పొద్దుటి నుంచి ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడితే మధ్యాహ్నానికి తోలు బాన అడుగు రాతికి తగిలేది. తెల్లారేసరికి మళ్లీ నడుములోతు ఊరి ఉండేది.

ఆ ఏడు బెల్లానికి ఎక్కడ లేని గిరాకీ వచ్చింది. చిత్తూరు మండీ నుంచి వచ్చిన ప్రతివాడూ ఒక కథ తెచ్చేవాడు. ఫలానావాడు మిద్దె కట్టాడట, ఫలానావాడి పెళ్లాం నడుముకు వడ్డాణం పెట్టిందట. ఊరంతా చెరుకు వేసింది. మేము అరెకరం వేశాం, బావ వాళ్లూ పడమట అరెకరం వేశారు. అంత వరకూ బాగానే ఉంది. నాకు మాత్రం కడుపు నిండలేదు. రాగులకని పెట్టుకున్న మడి ఇంకో అరెకరం ఉంది. అందులోనూ చెరుకు వేస్తే? రాగులు కొనుక్కోవచ్చు గదా, బెల్లం అమ్మినాక?

వేస్తే సరే, నీళ్లెక్కడివి? బావ వంతు వచ్చిన రోజు మా బావిలో నీళ్లు కాలువ పట్టి మా చేను పక్కగా పడమటికి పోతుంటే గట్టు మీద నిలబడి చూసేదాన్ని. ఒంట్లో రక్తం పోతున్నట్టు ఉండేది నాకు.

ఉగాది పోయిన వారానికి ఒక పొద్దున సంగటి తీసుకుని కపిల దగ్గరకు వెళ్లాను. మా ఆయన ఎద్దులను వెనక్కి నడిపిస్తున్నాడు.

"ఏమయ్యా, బావి తవ్విస్తే?" అన్నాను.

"ఎందుకు మే? సాలినన్ని నీళ్లుండాయి గదా."

"సాలినన్ని ఎవురికి? మనకా, మీ అన్నకా?"

ఆయన మోకు పట్టుకుని నన్ను చూశాడు.

"నీళ్లు పెరగబన్లే. దిగితే సాలు" అన్నాను. "అడుగున నడిమధ్య ఒగ మట్టు గుంట కొట్టిస్తే, ఊరిందంతా దాంట్లోకి దిగతాది. గీత కిందికి దిగిన నీళ్లు ఎవురివి?"

అర్థం కావడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఎద్దులను ఆపేశాడు.

"అన్న సేద్యం ఏమైపోతాది?"

"ఆయన్నూ తవ్వుకోమను. వొద్దనిందెవురు?"

"బావి మన చెక్కలో ఉండాది గదా. ఆయన యాడ తవ్వుకుంటాడు?"

"అది మన అదృష్టం. దానికి నేనేం సెయ్యను?"

ఆయన సంగటి తినకుండానే ఎద్దులను తోలాడు. ఆ రోజు నుంచి వారం రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. పళ్లెంలో ముద్ద పెట్టి గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని. మా ఆయన తగవును తట్టుకుంటాడు గానీ మౌనాన్ని తట్టుకోలేడు. తల్లి చిన్నప్పుడే పోతే వదిన చేతుల్లో పెరిగినవాడు. ఆడమనిషి మొహం తిప్పుకుంటే అల్లాడిపోతాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఎనిమిదో రోజు ఎల్లప్పకు కబురు పంపాడు. నా కాళ్ల కడియాలు చిత్తూరులో అమ్మేసి రాయి పగలగొట్టే తూటా మందు కొన్నాం.

ఊళ్లో గంగమ్మ జాతర అయిన మూడోనాడు ఎల్లప్ప తన ఇద్దరు మనుషులతో బావిలోకి దిగాడు. గీత చెక్కిన మనిషి తానే. దాని కింద కొట్టమంటున్నామంటే ఎందుకో తెలియని అమాయకుడు కాదు. అయినా కూలికి వచ్చినవాడు, పని మొదలుపెట్టాడు. నాలుగు రోజులు సమ్మెట చప్పుడు, ఐదోరోజు తూటా. రాళ్లు ఎత్తి పోశాక చూస్తే, అడుగు రాతి నడుమ, చుట్టూ అంచు మాత్రం వదిలి, మనిషి నిలువు గుంట. తెల్లారేసరికి ఊరిన నీళ్లన్నీ అందులో నల్లగా నిలబడి ఉన్నాయి. గీత దగ్గర రాయి పొడిగా ఉంది.

మర్నాడు బావ వంతు. పొద్దు పొడవక ముందే ఎద్దులను తోలుకుని వచ్చి, కపిల కట్టబోయి, లోపలికి తొంగి చూశాడు.

"కుప్పయ్యా, ఇదేమిరా?"

మా ఆయన కాలి బొటనవేలితో మట్టి గీస్తూ నిలబడ్డాడు. బావ ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు మా ఇళ్లలో ఆడవాళ్లకు లేదు. తలుపు చాటు నుంచో, ఇంకొకరి మీద పెట్టో అనాలి. నేను ఆ రోజు కొంగు సవరించుకుని ముందుకు వచ్చాను.

"గీత సూడు బావా. నీళ్లు గీత కింద ఉండాయి."

ఆయన మళ్లీ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే అనడానికి నాలుగు మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా.

"అవును మే. కిందనే ఉండాయి" అన్నాడు. తరువాత ఎద్దుల మెడ నిమురుతూ తమ్ముణ్ణి అడిగాడు. "ఎద్దులకు తాపుకోవచ్చునా?"

మా ఆయన గబగబా బాన దించి, తొట్టి నిండా పోశాడు. ఎద్దులు తాగినంత సేపూ అన్నదమ్ములిద్దరూ వాటినే చూస్తూ నిలబడ్డారు. తాగాక బావ వాటిని ఇంటికి తోలుకుపోయాడు. పెద్దమనుషుల దగ్గరకు పోలేదు. ఇచ్చిన మాట ప్రకారం నోరెత్తలేదు.

మేము రాగిమడి దున్ని చెరుకు నాటాం.

మూడు వారాలు తిరిగేసరికి పడమటి చేను పసుపు పట్టింది. మొదట కొసలు, తరువాత ఆకులు. గట్టు మీద నుంచి చూస్తే ఇటు పచ్చగా, అటు పసుపుగా రెండు చేలూ తేటతెల్లంగా కనబడేవి. దారిన పోయేవాళ్లు మా చేను చూసి, "చెంగమ్మ కాలు మంచిదబ్బా" అనేవాళ్లు. అది పొగడ్తో ఎత్తిపొడుపో అప్పుడు నేను విడదీసి చూసుకోలేదు.

ఒకరోజు పొద్దుటిపూట మా అక్క వచ్చింది. అక్క అంటే నా తోడికోడలు తిరుమలమ్మ, మునెయ్య పెళ్లాం. మా ఆయనకు ఆరేళ్లప్పుడు ఆమె ఆ ఇంటికి వచ్చింది. ఆయనకు తల దువ్వి, అన్నం కలిపి పెట్టి పెంచింది. నా మొదటి కాన్పు పురిట్లోనే పోయినప్పుడు నలభై రోజులు నన్ను మంచం దిగనీయలేదు. తన పిల్లలిద్దరినీ వాళ్ల నాయనకు వదిలేసి నా దగ్గరే పడుకుంది. నేను రాత్రిపూట ఏడిస్తే లేచి కూర్చుని వీపు నిమిరేది. అలాంటి మనిషి చంకలో కడవ పెట్టుకుని మా బావి గట్టున పరాయిదానిలా నిలబడింది.

"తాగను కూడా కింది నీళ్లేనా చెంగా? అవీ అడిగి తీసుకోవాల్నా?" అంది. ఎగతాళి కాదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"అదేం మాటక్కా" అని కడవ నింపాను.

కడవ ఎత్తుకోకుండా అక్కడే కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది.

"మూడు తడులు మే. ఎనిమిది దినాలకు ఒగటి సొప్పున మూడు తడులిస్తే మా చెరుకు వాన దాకా నిలబడతాది. అంతకు మించి అడగను. మీ బావ అడగడు. ఆయన అడగడని నేనొచ్చినాను."

నాటిన కొత్త చెరుకు నా కళ్ల ముందే ఉంది. దానికే నీళ్లు చాలడం లేదు.

"ఈ మాట నీకెప్పుడూ సెప్పగూడదనుకున్నా" అంది అక్క. "పంపకాలప్పుడు మంచిదంతా తూర్పు పక్కనే పెట్టి పంచినాడు మీ బావ. నేను అడిగినా. ఇదేం పంచడమయ్యా, మనకూ పిల్లలుండారు గదా అని. 'తమ్ముడు కోరుకునేది తూర్పే. వాని మనసు సల్లగా ఉండనీ' అనినాడు. నేనూ సరే అన్నా. నా సేత్తో పెరిగినోడు గదా."

నా అదృష్టమనుకున్నది ఇంకొకరి దానమని అప్పుడు తెలిసింది. తెలిస్తే మనిషి మెత్తబడాలి. నేను మెత్తబడలేదు. నా కాలి మంచితనం, నా తెలివి, ఇన్నేళ్లుగా ఊరు నా గురించి చెప్పుకున్నదంతా ఒక్క మాటతో ఊడబీకినట్టు అనిపించి ఒళ్లు మండింది.

"ఇచ్చినోళ్లు ఇచ్చినట్టే ఉండాల గదక్కా" అన్నాను. "మళ్లా వచ్చి అడిగితే అది ఇచ్చినట్టు యాడయితాది?"

ఆ మాట అన్నది ఈ నోరే. దీనితోనే ఇంకా అన్నం తింటున్నాను.

అక్క కొంగు దోపుకుంది. "అదీ నిజమేలే" అని లేచి, కడవ చంకనెత్తుకుని గట్టు దిగి వెళ్లింది. తరువాత తాగే నీళ్లకు కూడా మా బావికి రాలేదు. మైలు దూరం ఏటికి పోయి, ఇసుకలో చెలమ తోడుకుని తెచ్చుకునేది. ఎండలో ఆమె అటు పోతుంటే నేను మా వాకిట్లోంచి లోపలికి వెళ్లేదాన్ని.

ఆశకు మూత ఉండదు. గుంటలో ఊరే నీళ్లు పాత అరెకరానికి సరిపోయేవి. కొత్త అరెకరం మాత్రం తాగినకొద్దీ అడిగేది. ఇంకొక్క తూటా వేస్తే ఇంకో మట్టు లోతు, ఇంకో ఊట దొరుకుతుందని నేను లెక్క వేసుకున్నాను. మా ఆయన అవుననలేదు, కాదనలేదు. అప్పటికే ఆయన నాతో మాటలు తగ్గించాడు. ఈసారి ఎల్లప్పకు కబురు చేసింది నేను.

ఎల్లప్ప గుంటలోకి దిగి, నీళ్లలోనే నిలబడి, సమ్మెటతో రాతిని అక్కడక్కడా తట్టి విన్నాడు. పైకి వచ్చి తడి గుడ్డ పిండుకుంటూ మా ఆయనతో అన్నాడు.

"వొద్దప్పా. పైన కొట్టిన రాయి వేరే, ఇది వేరే. ఈ మూల ఇనుము మాదిరి మోగతా ఉండాది, ఆ మూల డొల్లగా మోగతా ఉండాది. ఇది కుండకు అడుగు. అడుగు పగిలితే కుండలో ఏముంటాది?"

"కూలి ఎక్కువిస్తాం" అన్నాను.

"కూలి మాట కాదు తల్లీ. ముప్పై ఏండ్లుగా రాళ్లు కొడతా ఉండా. సెప్తా ఉండా గదా."

"వొద్దులే మే" అన్నాడు మా ఆయన. "ఉండేది సాలు."

"ఒగటి. ఒకే ఒగటి" అన్నాను నేను. "ఇంగ అడగను."

ఎల్లప్ప మా ఇద్దరి మొహాలూ చూశాడు. "మీ బావి, మీ రాయి. బెజ్జం కొట్టి మందు కూరతాను. ఒత్తి మాత్రం నేను అంటించను. నా సేతికి ఆ పాపం వొద్దు" అన్నాడు.

రెండు రోజులకు బెజ్జం తయారైంది. ఆ పొద్దున గుంట ఖాళీ అయ్యేదాకా కపిల తోలి, మందు కూరి, ఒత్తి పొడుగ్గా పైకి లాగి పెట్టి ఎల్లప్ప గట్టు మీదికి వచ్చేశాడు. మా ఆయన కదలలేదు. కపిల రాతి మీద చెయ్యి వేసి, ఎటో పడమటి వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను చీర ఎగ్గట్టి, నిప్పు పట్టుకుని మెట్లు దిగాను. ఒత్తి అంటించి పైకి వచ్చాను.

తూటా పేలింది. దుమ్ము తగ్గాక ముగ్గురం వంగి చూశాం. గుంటలోకి నాలుగు వైపుల నుంచీ నీళ్లు దూకుతున్నాయి. ఎప్పుడూ అంత జోరుగా ఊరడం చూడలేదు నేను. చూస్తూండగా మోకాలిలోతైంది, నడుములోతైంది.

"ఊట పడింది! సూసినావా ఎల్లప్పా, ఊట పడింది!" అని అరిచాను.

ఎల్లప్ప తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. నీళ్లు ఒక మూలకు సుడి తిరిగాయి. దాహంతో ఉన్న మనిషి చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా తాగుతుంటే వస్తుందే, అలాంటి చప్పుడు వచ్చింది కింది నుంచి. నడుములోతు మోకాలిలోతైంది. తరువాత బురద కనబడింది. తరువాత తడి రాయి, దానికి అడ్డంగా చెయ్యి పట్టేంత చీలిక.

దిగితే చాలని నేనే అన్నాను. దిగాయి.

రేపు ఊరతాయనుకున్నాం. రేపు పోయింది, ఎల్లుండి పోయింది. చీలికలోకి చిన్న రాయి వేస్తే ఎక్కడో కింద తగిలిన చప్పుడు కూడా వినబడలేదు. మూడోనాడు సంగతి తెలిసి బావ వచ్చాడు. నా వైపు చూడలేదు. పంచె ఎగ్గట్టుకుని నేరుగా మెట్లు దిగి, "బంకమట్టి తెప్పించరా, గడ్డి కూడా" అన్నాడు తమ్ముడితో. ఆ రోజంతా అన్నదమ్ములిద్దరూ గుంటలో కూర్చుని, మట్టీ గడ్డీ కలిపి తొక్కి, చీలికలో కూరారు. నేను మట్టి గంపలు మోసి మెట్ల మీద పెట్టి వచ్చేదాన్ని. ఒకరితో ఒకరు పనికి కావలసిన మాటలే తప్ప మాట్లాడుకోలేదు. ఒకసారి నేను దిగేసరికి మా ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. బావ ఆయన పక్కన కూర్చుని చీలికలో గడ్డి కూరుతూనే ఉన్నాడు. మట్టి గంప అక్కడే పెట్టి వచ్చేశాను.

ఆ చీలిక ఎంత కూరినా మింగింది. పొద్దు గూకాక ఇద్దరూ పైకి వచ్చారు.

తరువాత చెప్పడానికి ఎక్కువ లేదు. పడమటి చెరుకు ముందే పోయింది, మాది పది రోజులు ఆగి పోయింది. కోసి ఎద్దులకు వేశాం. రాగిమడిలో రాగులూ లేవు, చెరుకూ లేదు. ఉన్నదీ పోయె, రావలసిందీ రాకపోయె. నీళ్ల కోసం ఊళ్లో ఆడవాళ్లందరితో పాటు నేనూ ఏటికి పోయేదాన్ని. నన్ను చూసి ఎవరూ ఏమీ అనేవారు కాదు. కాలు మంచిదన్న మాట మాత్రం మళ్లీ వినలేదు. చెలమ దగ్గర అక్క కనబడితే తన కడవ నింపుకుని, నాకు చోటు వదిలి పక్కకు జరిగేది.

మేము ఇద్దరమే, ఎలాగో గడిచింది. వాళ్లకు పిల్లలున్నారు. అక్క తమ్ముడు రామచంద్ర కోలారు బంగారు గనుల్లో పని చేసేవాడు. అతను వచ్చి మాట్లాడి వెళ్లాడు. బావ ఎద్దులను సంతలో అమ్మేశాడు. జన్మలో మడక దున్నడం తప్ప ఇంకో పని ఎరగని మనిషి, నలభై ఏళ్ల వయసులో భూమి లోపలికి దిగి రాళ్లు కొట్టడానికి ఒప్పుకున్నాడు. ఆడి కృత్తిక పండగకు నాలుగు రోజుల ముందు బండి కట్టారు. మా ఆయన బండి వెంట చిత్తూరు రైలు దాకా నడిచాడు. వెళ్లేముందు అక్క మా వాకిట్లోకి వచ్చి, "కుప్పయ్యా, యేళకు తిను" అని చెప్పడం విన్నాను. నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వచ్చి కాళ్ల మీద పడదామని అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. తలుపు తీయలేదు.

ఆ ఏడంతా మా ఆయన పొద్దున లేవగానే బావి దగ్గరకు పోయి, లోపలికి చూసి వచ్చేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అసలు మాటలే లేవు.

మరుసటి ఏడు ఆశ్వయుజంలో వానలు బాగా పడ్డాయి. ఒండ్రు కొట్టుకొచ్చి చీలికలో పేరుకుందేమో, బావిలో నీళ్లు కొంచెం కొంచెం నిలవసాగాయి. ఒక పొద్దున ఆయన పరుగున ఇంట్లోకి వచ్చాడు.

"మునిగింది మే! గీత మునిగింది!"

ఏడాది తరువాత ఆయన మొహంలో నవ్వు చూశాను. గీత పైకి నీళ్లొచ్చాయంటే అవి ఇద్దరివీ. ఆ మాట అన్నకు చెప్పాలి. సంగటి కూడా తినకుండా, ఉతికిన పంచె కట్టుకుని, కోలారు రైలుకని ఆ పూటే చిత్తూరుకు నడిచాడు. నేను వెళ్లి పడమటి ఇంటి తలుపులు తెరిచి, ఊడ్చి, పేడనీళ్లతో అలికాను. కడవలు తోమి బోర్లించాను. అక్క వస్తే మొదట ఏమనాలో నాలుగు రోజులు నాలో నేను అనుకుంటూ తిరిగాను. ఆమె తిడుతుంది. తిట్టనీ. తిట్టినంతసేపూ తల వంచుకుని నిలబడాలనుకున్నాను.

నాలుగోనాడు మధ్యాహ్నం ఆయన ఒక్కడే వచ్చాడు. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"అన్న సిక్కిపోయినాడు" అన్నాడు. "సెవులు సరిగ్గా ఇనపడవు. గీత మునిగిందన్నా అని గట్టిగా సెప్పినా. వొదిన మొగం సూసినాడు."

"అక్క ఏమనింది?"

"నాకు అన్నం పెట్టింది. సేతులు కడుక్కోను చెంబెడు నీళ్లు పోసి, ఇంగో చెంబు పోసింది. సాలు వొదినా అంటే, పర్వాలేదులే అని వీధిలోకి పిల్చుకుపోయి కొళాయి సూపించింది. 'ఈడ తిప్పితే వస్తాయి కుప్పయ్యా. ఎవురినీ అడగబన్లే' అనింది."

పళ్లెంలో ముద్ద పెట్టాను. పక్కన పప్పు పోశాను.

"నన్నేమైనా తిట్టిందా?" అన్నాను.

ఆయన ముద్ద తుంచుతూ ఆలోచించాడు, గుర్తు చేసుకుంటున్నట్టు.

"లేదు" అన్నాడు. "నీ మాట రాలేదు."